వాక్యమును దాని చోటనే చదువుదము
(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)

 

బైబిలు పఠనమునకు సహాయపడు గ్రంథములను గూర్చి మాట్లాడవలసినదిగా పెద్దలు మమ్మును కోరినారు. ఇది పాదిరిగార్లకు, వేదాంత విద్యార్థులకు సంబంధించిన సంగతి గదా, మనకెందుకు అని కొందరికి తోచవచ్చును. కాని బైబిలు మన ఇంటింటను ఉన్నది. ప్రొద్దున లేవగానే సెల్‌ఫోనులో ఒక వాక్యము వచ్చుచున్నది. గోడమీది క్యాలెండరులో ఒక వాక్యమున్నది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డు మీద ఒక వాక్యమున్నది. వాక్యములకు మనకు కొదువ లేదు. ఆ మాట ఎవరు పలికినారు, ఎవరితో పలికినారు, వారు ఏ స్థితిలో ఉండగా పలికినారు అను సంగతి తెలియకపోవుటయే మన కొదువ. ఆ కొదువ తీర్చుటకే సహాయ గ్రంథములు ఉన్నవి. ఈ సాయంకాలము మేము చెప్పదలచినది ఈ ఒక్క సంగతియే.

గ్రంథములు ఎందుకు?

"పరిశుద్ధాత్మ దేవుడే బోధించునప్పుడు మనుష్యులు వ్రాసిన పుస్తకములు ఎందుకండీ?" అని మన సంఘములలో భక్తిగల పెద్దలే అడుగుచుందురు. మంచి ప్రశ్న. బైబిలునే అడుగుదము. నెహెమ్యా 8వ అధ్యాయములో లేవీయులు ధర్మశాస్త్రమును చదివి ఊరకుండలేదు, జనులు గ్రహించునట్లు దానికి అర్థము చెప్పినారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయుడైన అధికారి రథము మీద కూర్చుండి యెషయా గ్రంథమును చదువుచుండెను. నాకు త్రోవ చూపువాడు లేకుండ ఎట్లు గ్రహింతునని అతడే ఒప్పుకొనెను. ఆత్మ ఆ అధికారి యొద్దకు ఫిలిప్పును పంపెను. చెరసాలలో ఉన్న పౌలు సహితము తిమోతికి వ్రాయుచు త్రోయలో విడిచిన అంగీతో కూడ పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని కోరెను. అంత్యదినములు సమీపించినను, చలి బాధించుచున్నను ఆయనకు పుస్తకముల మీద మనస్సు పోలేదు.

మన చేతిలో ఉన్న తెలుగు బైబిలు కూడ నిఘంటువులతోను వ్యాకరణములతోను పాటుపడినవారి కష్టఫలమే. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజెస్ దొరలకు ఆనందరాయరు అను తెలుగు సహోదరుడు సహాయకుడుగా దొరికెను. క్రాన్ దొర 1809లోను, డెగ్రాంజెస్ దొర 1810లోను ప్రభువునందు నిద్రించిరి. వారి పనిలోనుండి సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. అదే సంవత్సరము మార్చి నెలలో శ్రీరాంపూరు ముద్రణాలయము అగ్నిపాలాయెను. కేరీ దొర ఎన్నో ఏండ్లు శ్రమపడి కూర్చుచున్న బహుభాషా నిఘంటువు కాలిపోయెను, తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు కాలిపోయెను. ఆయన మరల మొదలుపెట్టి 1814లో తెలుగు వ్యాకరణమును అచ్చువేయించెను. మన రాజమహేంద్రవరములో కూడ కొంతకాలము కొలువు చేసిన సి.పి. బ్రౌను దొర నిఘంటువును నేటికిని తెరచి చూచుచున్నాము. ఒక్కొక్క మాటకు సరియైన అర్థము వెదకుట భక్తికి విరోధమని వారెవ్వరును తలంచలేదు.

మన దేశము, వారి దేశము

గోదావరి తీరమున పుట్టి పెరిగిన మనకు పొలము, కళ్ళము, కోత, నూర్పిడి అనునవి తెలిసిన సంగతులు. అందుచేత బైబిలులో వ్యవసాయపు మాట వచ్చినప్పుడు మనకు సులభముగా అర్థమైనట్లే ఉండును. ఇందులో మేలున్నది, అపాయమును ఉన్నది.

మొదట మేలు చెప్పుదము. రూతు గ్రంథము రెండవ అధ్యాయములో రూతు పరిగె ఏరుకొనెను. పరిగె అనగానేమో మన తల్లులకు ఏ నిఘంటువును చెప్పనక్కరలేదు. ఆమె ఒక్క దినములో ఏరి దుళ్ళగొట్టిన యవలు ఏఫా కొలత అని మూలములో ఉన్నది. ఏఫా అనగా సుమారు 22 లీటర్లని బైబిలు నిఘంటువు చెప్పును. ఈ లెక్కను మేము ఒక మహిళా సమాజములో చెప్పినప్పుడు, చిన్నతనమున పరిగె ఏరిన ఒక పెద్దమ్మగారు వెంటనే అన్నారు: "పరిగె ఏరితే అంత రాదండీ అయ్యగారూ. ఆ ఆసామీ కావాలనే పనలు జారవిడిచి ఉంటాడు." అధ్యాయము 16వ వచనములో బోయజు తన పనివారికి ఆజ్ఞాపించినది సరిగా అదియే! నిఘంటువు కొలత చెప్పెను, ఆ అమ్మగారి అనుభవము దాని భావము చెప్పెను. రెండును కలిసినప్పుడు బోయజు దయ ఎంతటిదో సమాజమంతటికి బోధపడెను.

ఇక అపాయము. బైబిలులో తొలకరి వర్షము, కడవరి వర్షము అని తరచుగా చదువుదుము. తొలకరి అనగానే మనకు జూన్ మాసము గుర్తుకు వచ్చును. మృగశిర కార్తె, నారుమళ్ళు, కాలువకు నీళ్ళు వదలుట, ఇవన్నియు కన్నులకు కనబడును. ఇశ్రాయేలు దేశములో జూన్ మాసము ఎండకాలము. మే నుండి సెప్టెంబరు వరకు అక్కడ వాన దాదాపు లేదు. వారి తొలకరి అక్టోబరు, నవంబరు మాసములలో పడును. ఎండకు బిగిసిన నేల మెత్తబడి దున్నుటకును విత్తుటకును వీలగును. కడవరి వర్షము మార్చి, ఏప్రిలు మాసములలో పడి గింజ నిండునట్లు చేయును. ఈ సంగతి ఎరిగినచో 1 సమూయేలు 12వ అధ్యాయము వేరుగా కనబడును. గోధుమ కోత కాలమున సమూయేలు ప్రార్థింపగా ఉరుములును వర్షమును వచ్చెను, జనులు మిక్కిలి భయపడిరి. మనకైతే దాళ్వా కోతల వేళ వాన పడిన యెడల నష్టము గాని ఆశ్చర్యము కాదు. వారికి అది మిక్కిలి అరుదైన సంగతి. అందుకే వారు వణకిరి.

ఇంకొక సంగతి గమనించుడి. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయములో మోషే రెండు దేశములను పోల్చి చెప్పెను. ఐగుప్తులో కూరతోటకు వలె కాళ్ళతో నీరు కట్టుకొందురు. కనాను దేశమో ఆకాశ వర్షజలమును త్రాగును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత మన డెల్టా కాలువల క్రింద పండుచున్నది. మనము చదువునప్పుడు మనలను కనానువారితో పోల్చుకొందుము గాని, నీటి విషయములో మన డెల్టా ఐగుప్తును పోలి ఉన్నది. ఎగువ ఎక్కడనో వాన పడినను మనకు నీరు వచ్చును. ఇశ్రాయేలీయునికి ఆనకట్ట లేదు, లాకు లేదు, కాలువ లేదు. పైకి చూడవలసినదే. బయలు అను దేవత వానలకు అధిపతియని కనానీయులు నమ్మినట్లు బైబిలు నిఘంటువులో బయలు అను మాట క్రింద చూడగలరు. అప్పుడు 1 రాజులు 17, 18 అధ్యాయములలో ఏలీయా వాన లేదని చెప్పుట ఎంత సూటియైన సవాలో తెలియును. వానలిచ్చువాడెవడు అను ప్రశ్న అచ్చటి రైతుకు అన్నపు ప్రశ్న, ప్రాణపు ప్రశ్న. కర్మెలు పర్వతము మీద జనులు రెండు తలంపుల మధ్య ఎందుకు తడబడిరో అప్పుడు మనకు అర్థమగును, వారిమీద కొంత జాలియు కలుగును.

తలాంతు లెక్క

మన ఆదివారపు బడులలో పిల్లలకు తలాంతుల పోటీలు జరుపుచున్నాము. పాటలు, కంఠత వాక్యములు, నాటికలు ఉండును. మంచిదే. దాని వలన తలాంతు అనగా నేర్పు, సామర్థ్యము అని మన వాడుకలో స్థిరపడినది. మత్తయి 25వ అధ్యాయము చదువునప్పుడు కూడ నేర్పునే తలంచుకొందుము. నిఘంటువు తెరచిన యెడల తలాంతు ఒక తూకమని, డబ్బు లెక్కలో సుమారు 6000 దేనారములని తెలియును. ఒక దేనారము ఒక కూలివాని దినవేతనమని మత్తయి 20వ అధ్యాయములోనే ఉన్నది. ఏటికి 300 పనిదినములు వేసికొన్నచో, ఒక తలాంతు ఇరువది ఏండ్ల కూలి.

ఇప్పుడు ఒక్క తలాంతు పొందిన దాసుని చూడుడి. "పాపము, వానికి కొంచెమే ఇచ్చినారు" అని మనము జాలిపడుచుందుము. వాని చేతిలో పెట్టినది ఇరువది ఏండ్ల కష్టార్జితము! యజమానుడు వానిని చిన్నచూపు చూడలేదు. అంతటి ధనమును వాడు గోతిలో పెట్టెను.

అదే కొలతతో మత్తయి 18వ అధ్యాయమునకు వెళ్ళుడి. ఒకడు రాజునకు పదివేల తలాంతులు అచ్చియుండెను, తోటి దాసుడు వానికి నూరు దేనారములు అచ్చియుండెను. రెండవది నూరు దినముల కూలి. తక్కువ మొత్తమేమియు కాదు. మనలో ఎవరికైనను మూడు నెలల కూలి ఎగవేసిన యెడల ఊరకుందుమా? కాని మొదటిది ఆరు కోట్ల దినముల కూలి, రెండు లక్షల ఏండ్ల కష్టము. ఏ కూలివాడును తీర్చలేడు. క్షమించుట తేలికయని ప్రభువు చెప్పలేదు. మన బాకీ నిజమైన బాకీయే. దానికంటె మనకు క్షమింపబడినది ఎంతో చూచుకొమ్మని ఆయన చెప్పుచున్నాడు. గట్టు తగాదాలతో ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారికి ఈ ఉపమానమును లెక్కతో సహా చెప్పి చూడుడి.

బబులోనుకు వెళ్ళిన ఉత్తరము

సహాయ గ్రంథము లేనందున ఎంత బాధ కలుగునో చెప్పుటకు ఒక్క సంగతి చాలును. గోదావరి జిల్లాల నుండి, ముఖ్యముగా మన పేద కుటుంబముల నుండి ఎందరో తల్లులు కువైట్ మొదలైన దేశములకు ఇంటిపనికి వెళ్ళుచున్నారు. మేము సేవ చేసిన ఒక సంఘములో అటువంటి కుటుంబము ఒకటి. తల్లి కువైట్‌లో, కూతురు ఇక్కడ అమ్మమ్మ దగ్గర. క్రొత్త సంవత్సరపు రాత్రి ఆ అమ్మాయి తీసిన కార్డులో యిర్మీయా 29:11 వచ్చెను. మీకు మేలు కలుగజేయు ఉద్దేశములే నావి, మీకు నిరీక్షణ నిత్తును అను భావముగల వాక్యము. ఈ ఏడు అప్పు తీరును, అమ్మ వచ్చును అని ఇంటిల్లిపాది నమ్మినారు. ఏడు గడిచెను. అప్పు తీరలేదు, అమ్మ రాలేదు. ఆ అమ్మాయి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా విశ్వాసం చాలలేదా? లేకపోతే దేవుడు మాట తప్పాడా?" అని అడిగెను.

ఆమెకు ఊరడింపు మాటలు చెప్పి పంపుట సులభమే. మేము ఆమెను కూర్చుండబెట్టి 28, 29 అధ్యాయములు రెండును ఆమె చేతనే చదివించితిమి. బైబిలు నిఘంటువులోని యిర్మీయా వ్యాసమును, పటముల పుస్తకములో యెరూషలేము నుండి బబులోనుకు గల దారిని చూపితిమి. క్రీ.పూ. 597లో రాజైన యెకొన్యాతో కూడ చెరపట్టబడి పోయిన జనులకు యిర్మీయా వ్రాసి పంపిన ఉత్తరములోనిది ఆ వాక్యము. దానికి ముందు అధ్యాయములో హనన్యా అను ప్రవక్త రెండేండ్లలో అంతయు చక్కబడునని ప్రకటించెను. జనులకు ఆ మాట తియ్యగా ఉండెను. అది అబద్ధ ప్రవచనము. యిర్మీయా ఉత్తరములో సరిగా 11వ వచనమునకు ముందున్న 10వ వచనములో డెబ్బది సంవత్సరములని ఉన్నది. అంతవరకు ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, పిల్లలను పెంచుకొనుడి, మీరున్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థన చేయుడి అని ఆ ఉత్తరము చెప్పుచున్నది.

ఆ అమ్మాయి చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయితే ఇది దూరదేశంలో ఉన్నవాళ్ళకు రాసిన ఉత్తరమా?" అని అడిగెను. అవునమ్మా అంటిమి. ఆ రాత్రి ఆమె ఫోనులో తల్లికి ఆ అధ్యాయమంతయు చదివి వినిపించెను. మరుసటి ఆదివారము వచ్చి, "అమ్మ తాను పనిచేసే ఇంటి వాళ్ళ కోసం రోజూ ప్రార్థన మొదలుపెట్టిందండీ" అని చెప్పెను. అప్పు వెంటనే తీరలేదు. కాని దేవుడు తమను మరచిపోయినాడను భయము ఆ ఇంటిని విడిచిపోయెను. కార్డు మీది ఒక్క వచనము ఆ కుటుంబమును నలుగగొట్టెను. అదే వచనము తన చోట నిలిచినప్పుడు వారిని లేవనెత్తెను. చుట్టునున్న వచనములను కత్తిరించినప్పుడు యిర్మీయా మాట మన నోట హనన్యా మాటగా మారిపోవుచున్నది. ఇది బోధకులమైన మాకు మరింత భయము కలిగింపవలసిన సంగతి.

కొన్ని జాగ్రత్తలు

సహాయ గ్రంథములు సేవకులే గాని యజమానులు కావు. మాత్యూ హెన్రీగారి వ్యాఖ్యానము మూడు వందల ఏండ్లుగా ఎందరికో మేలు చేసినది. ఆయన అపొస్తలుల కార్యముల వరకు వ్రాసి 1714లో మరణించినారు. మిగిలిన పత్రికలను ఇతర బోధకులు ముగించినారు. కాబట్టి వ్యాఖ్యానము వ్రాసినవారు మనవంటి మనుష్యులే. వారి దేశము, కాలము, సంఘము వారి మాటలలో కనబడుచుండును. ఇద్దరు వ్యాఖ్యాతలు విభేదించినప్పుడు కలత చెందక, మరల వాక్యమునే చదువవలెను.

గ్రీకు, హెబ్రీ మాటల విషయములోను జాగ్రత్త అవసరము. 1890లో వెలువడిన స్ట్రాంగుగారి కంకార్డెన్సు ప్రతి మూలపదమునకును ఒక సంఖ్య ఇచ్చినది. గ్రీకు రానివారికి కూడ అది గొప్ప మేలు. అయితే సంఖ్య దొరికినంత మాత్రమున భాష వచ్చినట్లు కాదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 1:16లో శక్తి అను మాట గ్రీకులో దునామిస్ గనుక సువార్త డైనమైటు వంటిదని కొందరు ప్రసంగించుట వినుచున్నాము. డైనమైటునకు నోబెలు దొర ఆ పేరు పెట్టినది 1867లో. పౌలు దానిని ఎరుగడు. సువార్త రక్షించు శక్తి, కొండలు ప్రేల్చునది కాదు. ఒక మాట ఎక్కడనుండి పుట్టినదో అనుదానికంటె, వ్రాసినవాడు దానిని ఏ భావముతో వాడినాడో చూచుట ముఖ్యము.

మరియొకటి. వ్యాఖ్యానమును మొదట తెరువవద్దు. మొదట ఆ అధ్యాయమును, వీలైనచో ఆ పుస్తకమంతటిని చదువుడి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అను నాలుగు ప్రశ్నలు కాగితము మీద వ్రాసికొనుడి. మన బైబిలు అంచునను అడుగునను ఉన్న సరిచూపు వచనములను తీయుడి. తెలియని పేరు, కొలత, ఆచారము వచ్చినప్పుడు నిఘంటువు, ఊరి పేరు వచ్చినప్పుడు పటము, ఒక మాట మరెక్కడ ఉన్నదో చూచుటకు కంకార్డెన్సు తీయుడి. ఇవన్నియు అయిన తరువాత వ్యాఖ్యానము. అప్పుడు వ్యాఖ్యాతతో మీరును కూర్చుండి మాటలాడగలరు. లేనియెడల ఆయన మాటనే మన మాటగా చెప్పుచుందుము.

మన సంఘములలో ఏమి చేయవచ్చును?

1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మన రాజమహేంద్రవరములోని లూథర్‌గిరిలోనే ప్రారంభమై, పిమ్మట హైదరాబాదుకు తరలినది. పలు సంఘములవారు కలిసి చదువుకొనుటకు ఏర్పడిన ఆ పనికి మన తీరమే తొలి నెలవు. అక్కడ చదువుకొన్నవారి యొద్ద గ్రంథములు ఉండును. పల్లెలోని ఆదివారపు బడి టీచరు యొద్ద ఏమున్నది? రేపు ఉదయము ఇరువదిమంది పిల్లలకు వాక్యము చెప్పవలసిన ఆమెకు మనము ఏమి ఇచ్చినాము?

ఈ నూరేండ్ల పండుగలో గోపురములకు రంగులు వేసినాము, శిలాఫలకములు నిలిపినాము. సంతోషము. దానితో కూడ ప్రతి పాస్టరేటులోను ఒక బీరువా పెట్టవలెనని మా మనవి. అందులో ఒక తెలుగు బైబిలు నిఘంటువు, ఒక కంకార్డెన్సు, ఒక పటముల పుస్తకము, ఒక సంపుటి వ్యాఖ్యానము, ఒక మంచి తెలుగు నిఘంటువు చాలును. కోతపండుగ కానుకలో కొంత భాగము దీనికి కేటాయించిన యెడల రెండేండ్లలో నిండును. తాళపుచెవి పాదిరిగారి ఇంట ఉండక, సంఘస్థులలో ఒక నమ్మకస్థుని యొద్ద ఉండవలెను. శనివారము సాయంకాలము ఒక గంటసేపు బీరువా తెరచి, మరునాటి పాఠమును టీచర్లు, యౌవనులు, మహిళా సమాజమువారు కలిసి చదువవలెను. చదువు రాని పెద్దమ్మలను తప్పక పిలువుడి. పరిగె సంగతి మాకు చెప్పినది వారే గదా! సెల్‌ఫోనులలో కూడ ఇప్పుడు నిఘంటువులు, పటములు దొరకుచున్నవి గనుక యౌవనులు వాటిని తెచ్చి పెద్దలకు చదివి వినిపింపవచ్చును.

ఈసారి క్రొత్త సంవత్సరపు రాత్రి వాగ్దాన కార్డు మీ చేతికి వచ్చినప్పుడు, దానిని బైబిలులో పెట్టి మూసివేయకుడి. అది ఉన్న అధ్యాయమును తెరచి, పైనున్నదియు క్రిందనున్నదియు ఇంటిల్లిపాది చదువుడి. అర్థము కానియెడల శనివారము బీరువా యొద్దకు తీసికొనిరండి.

వాక్యమిచ్చిన దేవుడు దానిని గ్రహించు మనస్సును, వెదకు ఓపికను మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.